నిమ్మళం

నయీంనగర్ నాలా పక్కపొంటి హోటల్ల
గిన్నెలు తోమే తొట్టి కింద
మోకాళ్ల మీద కూసోని కొలుస్తున్న.
మూడడుగుల పొడుగు స్టీలు డబ్బా,
లోపట మూడు అరలు.
ఓనరు సారంగపాణి పైనుంచి వంగి అడిగిండు:
"గింతదానికి గన్ని పైసలా?
ఇంతకూ ఏం జేస్తదిది?"

ఏం జెయ్యది సార్.
ఉట్టిగ నీళ్లను నిలవెడ్తది.

ఉరికే నీళ్ల భుజమెక్కి
నూనె ఎంత దూరమన్న పోతది.
జర ఆగుమంటే, సల్లవడుమంటే
తనంతల తనే పైకి తేల్తది.
మెతుకులు అడుక్కు దిగుతయి.
నడిమిట్ల నీళ్లు
అడ్డపలక కింది సందుకెల్లి
తల వంచుకోని బయటికి పోతయి.
మోటరు లేదు, కరెంటు లేదు.
నిమ్మళమే మిషిను.

మా పెద్దబాపు రాజమొగిలికి ఈ డబ్బా తెల్వదు.
ఆయనకు వెదురుబద్దలే ఎరుక.
ఒకదానికొకటి తీగెతోని కట్టి, చుట్టజుట్టి
సైకిల్ వెనుక వేసుకపోయేటోడు.
స్టేషన్ రోడ్డుల ఏ హోటల్ పైపు మూసుకపోయినా
మూత లేపి దిగేటోడు.
పైపుల గడ్డకట్టిన జిడ్డు
తడిసున్నం లెక్క తెల్లగుంటదట,
గడ్డపారతోని పొడిస్తె పెచ్చులు పెచ్చులు.
ఇంటికొచ్చి కుంకుడుకాయ, సీకాయ,
ఆఖర్కి గాసునూనె పెట్టి రుద్దుకునేది.
తోలు కడుక్కున్నడు గనీ ముక్కు చచ్చిపోయింది.
చేపల పులుసుకూ మక్కగట్కకూ
ఆయన ముఖం ఒక్కతీరే.

బిగించుడు రెండు రోజుల పని.
బండ పగులగొట్టి, వాలు సూసి,
ముందట జాలిబుట్ట పెట్టి,
మూత కింద రబ్బరు సర్ది.
కాపాడుడు మాత్రం ఒడువని పని.
పది రోజులకోసారి వచ్చి కట్టె ముంచి సూస్త:
పైన జిడ్డు, అడుగున మడ్డి,
రెండు గలిసి నాలుగో వంతైతే
ఇగ ఆగొద్దు, తోడాలె.

మేనేజరు మసిలే నీళ్లు పోపిచ్చిండొకసారి.
"సాఫైతది గదా?"
కరుగుతది సార్, పోదు.
మీ గడప దాటినంక
పక్క గల్లీల మళ్ల గడ్డకడ్తది.
గక్కడ ఎవడో ఒకడు దిగుతడు.

ఇప్పుడు నేను ఆ కట్టెను పంచాంగం లెక్క సదువుత.
శ్రావణంల పొర మీగడంత.
దసరా మర్నాడు బెత్తెడు.
రంజాన్ నెల హలీం నెయ్యి, పసుపుపచ్చగ.
సారంగపాణి లెక్కలపుస్తకంల గిరాకి తక్కువ రాస్తడు,
డబ్బాకు అబద్ధమాడరాదు.

ఓసారి ఆరు రోజులకే నిండింది.
పలకలు కదిలినయా, వాలు తప్పిందా,
అరలన్ని విప్పి సూసిన, ఏం లేదు.
మర్నాడు తెలిసింది:
తోమే దుర్గవ్వ జరమొచ్చి వారం రాలేదు.
ఆమె ప్రతి పళ్లాన్ని నీళ్లు తాకకముందే
అరచేత్తో ఒక్క తుడుపు తుడిచి బకెట్ల ఏస్తది.
ఎవ్వరు చెప్పలే ఆమెకు.
ఎందుకు తుడుస్తవవ్వా అంటే
"మరి నీళ్లు పాపం గదా" అన్నది.
సారంగపాణికి చెప్పిన. నవ్విండు.
బిల్లుల వంద రూపాలు తగ్గియ్యమన్నడు.

రాత్రి ఇంటికి పోయేసరికి
పెద్దబాపు మంచంల మేల్కొనే ఉన్నడు.
"ఎంత లోతు దిగినవ్ రా?"
మోచెయ్యి దాక.
"గంతేనా?"
గంతే.

నా చెయ్యి పట్టుకోని ముక్కు దగ్గర పెట్టుకున్నడు,
ఎంతసేపో.
"నువ్వే చెప్పరా, ఎట్లున్నది?"

పులిసిన చల్ల, పెద్దబాపు.
మాడిన ఉల్లిగడ్డ. తడిసిన ఇనుము.
ఇంక కొంచెం లవంగం.

"లవంగం," అన్నడు.
"మా కాలంల గది లేకుండె."