బొమ్మకి ముప్ఫై రూపాయలు

ఏలూరు రోడ్డు, పిచ్చేశ్వరరావు గారి ప్రెస్సు, మేడ మీద గది.
రోహిణి కార్తె. రోళ్ళు పగులుతున్నాయో లేదో గాని
నా ఇంకు సీసాలోనే గడ్డకడుతోంది.
ఇంటర్ బోటనీ గైడుకి ఇంకా పదకొండు బొమ్మలు బాకీ.

కనకవల్లి మేడం ఒక జిరాక్సు కాగితం తెచ్చింది.
"ఇది రైనియా, నాంచారయ్యా.
నేల మీదికొచ్చిన తొలి మొక్కల్లో ఒకటి. ఇప్పుడు లేదు."
ఎప్పట్నించి లేదమ్మా, అన్నాను.
"నలభై కోట్ల ఏళ్ళ నాటిది" అంది,
నిన్న సాయంత్రం బస్సు తప్పిపోయినంత మామూలుగా.

కాగితం మీద నల్లటి చుక్క, చుట్టూ బూడిద రంగు,
దాని చుట్టూ సన్నటి గీత.
అది కాడట. అడ్డంగా కోసిన కాడ.
వేడినీటి బుగ్గ పొంగి, గాజులాంటి రాయై
మొక్కని నిలబడ్డ చోటే పట్టేసుకుందట,
ప్రాణం పోయాక కూడా వంగనివ్వకుండా.
ఎక్కడో చలిదేశంలో ఆ రాయిని
అప్పడం కన్నా పల్చగా అరగదీసి
వెలుతురుకి అడ్డం పెట్టి చూశారట.

చెప్పండి, గీస్తాను.
ఆకులు? లేవు.
వేళ్ళు? లేవు. నేల మీద పాకే కాడకి అడుగున నూగు, అంతే.
పువ్వు? "దానికింకా చాలా కాలం ఉంది."
పచ్చగానైనా ఉండేదా?
"ఉండే ఉంటుంది. రాయిలో రంగు మిగల్లేదు."

ముప్ఫయ్యేళ్ళుగా లేనిది కలిపి బతికినవాణ్ణి.
బట్టలకొట్టు బోర్డు మీద నెమలి,
కిళ్ళీబడ్డీ తలుపు మీద తామర,
సినిమా హీరో చొక్కాకి ఎవరూ అడగని గులాబీ.
ఖాళీ కనబడితే నా చెయ్యి ఊరుకోదు.
ఇప్పుడు ఒక్కొక్కటీ మానేస్తూ గీయమంటే
పెన్ను ఎక్కడ ఆపాలో తెలీలేదు.

జానెడు ఎత్తు. అగ్గిపుల్ల లావు.
కాడ రెండవుతుంది. ఆ రెండూ మళ్ళీ రెండు,
గొడవల్లేకుండా పంచుకున్న అన్నదమ్ముల్లా.
చివర్న చిన్న సంచి. లోపల గింజలు కావు, పొడి.
గాలి తీసుకుపోతే పోతుంది, లేకపోతే లేదు.
మేడం భూతద్దం ఇచ్చింది:
కాడ చర్మం మీద రెండు పెదాల నోరు, తెరిచి ఉంది.
మన కానుగాకు కిందా ఇదే నోరు, అంది.
అంతకాలం మూతపడని నోటిని
అర సెంటీమీటరులో ఇరికించాను, ఊపిరి బిగబట్టి.

పిచ్చేశ్వరరావు గారు కళ్ళజోడు పైకెత్తారు.
"చీపురుపుల్లకి ముప్ఫై రూపాయలా?
రెండాకులు పడెయ్యవయ్యా, పిల్లలకి మొక్కలా కనపడద్దూ!"
వెయ్యనండీ, అన్నాను.
ఆ మాట అన్నది నేనేనా అని నేనే చూసుకున్నాను.

బాణాలు నాలుగు గీశాను.
కాడ. సంచి. నూగు.
నాలుగోది ఖాళీలోకి పోయింది.
దాని పక్కన 'ఇక్కడ ఆకు లేదు' అని రాసి పెట్టాను.
మేడం నవ్వి, మాట కొట్టేసింది.
బాణం కొట్టెయ్యడం మర్చిపోయింది.

జూన్లో పుస్తకం వచ్చింది. నూట పన్నెండో పేజీ.
పేజీలు అతికించే కుర్రాడు మస్తాన్ వలీ
పేర్లు సరిగ్గానే పెట్టాడు, బొమ్మని తలకిందులుగా.
నూగు ఆకాశంలోకి. కాడలు
చీలి, చీలి, కిందికి దిగుతున్నాయి.
మేడం తల పట్టుకుంది. కుర్రాడికి ఒకరోజు కూలి కోత.
నేను మాత్రం చాలాసేపు చూశాను:
వేరంటే ఎరగని మొక్కకి
పన్నెండు వేల కాపీల్లో
బెజవాడలో వేళ్ళొచ్చాయి.

పరీక్షలో పిల్లలు అలాగే గీశారట,
పక్కన ఏమీ రాయని
ఆ నాలుగో బాణంతో సహా.