వేరు వాసన

పువ్వు మాత్రం బాగుంటుంది.
జానెడు మొక్క, ఊదారంగు రేకలు.
తెలియనివాళ్లయితే తుంచి జడలో పెట్టుకుంటారు.
మన జొన్నచేలల్లో దీన్ని మల్లె అన్నారు ఎవరో.
అంత వెటకారం, పంట పోగొట్టుకున్నవాళ్లకే వస్తుంది.
సియాయాలో దీని పేరు కయోంగో.
ఆ పేరు పలికాక అపోండి ఉమ్మేస్తుంది.

ముప్పావు ఎకరం. మోకాలు దాటని మొక్కజొన్న.
వాన పడ్డా ఎండుతూనే ఉండేది,
నేలకింద ఎవరో గొట్టం వేసి పీల్చుకున్నట్టు.
పీకితే పువ్వే చేతికొస్తుంది,
పీల్చే నోరు కిందే ఉండిపోతుంది.
దాని గింజలు ముక్కుపొడికన్నా సన్నం.
ఇరవయ్యేళ్లయినా మట్టిలో
ఊపిరి బిగబట్టి పడి ఉంటాయి.

కోత కోతకీ బావగారు ఒగుటు వచ్చి
గట్టుమీద నిలబడేవాడు.
"ఈ నేల ఒంటరి ఆడదాని మాట వినదు" అనేవాడు,
కంటితోనే హద్దులు కొలుస్తూ.
ఓపికలో ఆ గింజకీ అతనికీ తేడా లేదు.

ఒడేరో వచ్చింది ఒక మార్చిలో,
పరిశోధనా కేంద్రం మోటారుసైకిలు తోసుకుంటూ,
వెనకచక్రంలో గాలి లేక.
ఒడేరో అంటే గాదె దగ్గర పుట్టినవాడట.
"నీ పేరులో ఉన్నన్ని గింజలు నా ఇంట్లో లేవు" అంది అపోండి.
అతను జేబులోంచి పొట్లం తీశాడు.
సాలుకీ సాలుకీ మధ్య డెస్మోడియం తీగ,
చేను చుట్టూ ఏనుగుగడ్డి.
"తింటారా దాన్ని?"
"మనుషులు తినరు."
"తినని దానికి నా చేలో చోటా!"

తర్వాత జరిగింది అందంగా చెప్పలేను.
మొదటి ఏడు రెట్టింపు కలుపు.
మొలిచిన తీగలో సగం, ఏది ఏదో తెలియక
ఆమే పీకి పారేసింది.
అపోండి ఈసారి గడ్డితో కువోన్ ముద్ద వండుతుందట,
నీళ్ల దగ్గర నవ్వుకున్నారు.

రెండో ఏడు ఒడేరో చెక్కచట్రం చేలో పరిచి
అందులో పడ్డ ఊదాపూలు లెక్కపెట్టాడు.
అరవైమూడు.
తర్వాతి వానలకి పందొమ్మిది.
ఆ తర్వాత నాలుగు.
నాలుగు దగ్గర పెన్సిలు ఆపి, మళ్లీ లెక్కపెట్టాడు.

"ఎలా చంపావు? మందేం చల్లలేదే."
"చంపలేదు. నిద్ర లేపాను."
ఆ గింజకి కళ్లు లేవు, చెవుల్లేవు,
మొక్కజొన్న వేరు వాసన ఒక్కటే తెలుసు.
తీగ వేరు అచ్చం అలాంటి పిలుపే పంపుతుంది.
గింజ లేస్తుంది, మొలక చాస్తుంది.
అదే వేరులోని మరో రసం
దాన్ని ఎక్కడా అంటుకోనివ్వదు.
ఇరవయ్యేళ్ల ఓపిక కొద్దిరోజుల్లో మట్టి.
కాండం తొలిచే పురుగు తల్లి కూడా
తీగ వాసన గిట్టక, గట్టుమీది గడ్డికి మురిసి
అక్కడే గుడ్లు పెడుతుంది.
గడ్డి జిగురులో పిల్లలు ఇరుక్కుపోతాయి.

అపోండి చాలాసేపు మాట్లాడలేదు.
ఒక వేరు తవ్వి, దులిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.
తడిమట్టి వాసన. అంతే.
"నాకేం రావట్లేదు."
"నాకూ రాదు" అన్నాడు ఒడేరో,
"మిషను చెబితేనే మాకూ తెలిసింది."
ఆ మాట నాకు నచ్చింది.
తమ ముక్కుకి ఎన్నటికీ అందని వాసన కోసం
ఏళ్ల తరబడి గాజుగొట్టాల ముందు
ఎవరో కూర్చున్నారు.

ఈ ఆగస్టు కోతకీ ఒగుటు వచ్చాడు.
ఎప్పుడూ నిలబడే చోట గడ్డి తలదాటి ఉంది,
హద్దు కనబడలేదు.
లోపల కంకులు. పాకలో తీగ నములుతూ ఆవు.
నేల మాట ఎత్తలేదు. కాసేపు దగ్గాడు.
"ఆ తినని గింజ... నాకూ కాస్త..."

అపోండి లోపలికెళ్లింది.
మొక్కజొన్న కొలిచే గొరొగొరో డబ్బా పక్కకి జరిపి
చక్కెర చెంచా తీసుకొచ్చింది.
బొటనవేలితో అంచుకి చదును చేసి కొలిచింది.
చెంచాకింత అని వెల చెప్పింది.
బావగారని కొసరు వేయలేదు.