నిచ్చెన కాలు

పేపర్లో ఫొటో చూశావా అబ్బాయ్,
పైన ఏసుపాదం, చంకలో పిల్ల, వెనక పొగ.
అడుగున, ఫొటో తెగిన చోట
నాలుగు వేళ్లు కనిపిస్తాయి.
అవి నావి.

ముప్పై నాలుగేళ్లు నిచ్చెన కిందే గడిచింది.
మనుషుల్ని బూటు అడుగుని బట్టి పోలుస్తాను.
ఏసుపాదం దింపు తీసేవాళ్లింట పుట్టాడు,
కొబ్బరి చెట్టెక్కినట్టే పాదం లోపలికి తిప్పి ఎక్కుతాడు.
చెట్టుకి వేళ్లుంటాయిరా, దీనికి లేవు, అంటాను.
నువ్వున్నావుగా, అంటాడు.

ఆ రాత్రి బండి లాకుల దగ్గరే ఆగిపోయింది.
గట్టు మీద నలుగురం, భుజాల మీద నిచ్చెన.
ముందువాడి మాటే మాట:
బోదె అంటే దాటాలి, తీగ అంటే వంగాలి.
తీగంటే గుర్తొచ్చింది, మనది అల్యూమినియం.
కరెంటు తీసేశారండీ అని ఎవడన్నా నమ్మకు,
ఫ్యూజు పీకినవాణ్ణి పిలిచి
ఆ ఫ్యూజు నీ చేతిలో పెట్టమను.

కింద కొబ్బరిపీచు గొడౌను, మీద కాపురం.
పీచు మండదు, రగులుతుంది,
మెట్లదారి నిండా పొగ మేసి కూర్చుంది.
కిటికీలో నూకరత్నం, మనవరాలు.
ఊరంతా ఒకటే కేక, ఇక్కడ వెయ్యండి ఇక్కడ వెయ్యండి అని,
సరిగ్గా మంట నాలుక చాపే గుమ్మం మీదుగా.
వినలేదు. పక్కగోడకి వేయించాను.

మన నేల మంచిదే,
ఏం గుచ్చినా నాటేశారనుకుంటుంది.
ఎడమ కాలు జానెడు దిగిపోయింది.
బోదె మీది తాటిపట్టె పీకుకొచ్చి కింద పరిచాం.
పొద్దున్నే మా పాలవాడు ఎలా దాటతాడండీ, అన్నారు దొరబాబుగారు,
అంత మంటలోనూ.

నాలుగు మూరలు పైకి పోతే
ఒక మూర గోడకి ఎడం.
కొన కిటికీ అంచు కిందే ఆగాలి,
లోపలికి దూరిస్తే దిగేవాళ్లకి దారేదీ?
గోడవైపు నుంచుని వెనక్కి వాలు,
పక్క కమ్ములు పట్టుకో, మెట్లు కాదు,
మెట్టు పైవాడి బూటుది.
తలెత్తకు.

తలెత్తాను నేను, ఒకసారి.
రైసుమిల్లు వెనక పెంకుటిల్లు.
పైనుంచి పెంకు జారిన చప్పుడు,
చూశాను,
ఒక చెయ్యి తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.
ఒక్క చెయ్యే.
సత్తిపండు ఇప్పుడు అంబాజీపేటలో సోడా కొట్టు నడుపుతాడు,
కూర్చునే.
ఎప్పుడెళ్లినా నా దగ్గర డబ్బులు తీసుకోడు.
తీసుకుంటే బాగుండును.

అందుకని ఆ రాత్రి పైన ఏం జరిగిందో నేను చూడలేదు,
కమ్ముల్లోంచి అరచేతుల్లోకి దిగింది.
ఒక మనిషి బరువు, మెట్టు మెట్టుకీ.
తర్వాత ఏమీ లేదు.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత అదే బరువు, మీద ఇంకాస్త,
ఆ కాస్త కాళ్లు తన్నుకుంటోంది.
హమ్మయ్య, తన్నుకుంటోంది.

మళ్లీ ఎక్కాడు.
కుట్టుమిషను తల తెస్తానందిట నూకరత్నం,
ఏసుపాదం ఏమన్నాడో ఇద్దరూ చెప్పరు.
ఆవిడ ఆగి ఆగి దిగింది.
ఆఖరి మెట్ల దగ్గర ఉత్త పాదం జారి
నా హెల్మెట్‌కి తగిలింది.
నేల మీదకి రాగానే, అంత దగ్గులోనూ,
హెల్మెట్ ముట్టుకుని కళ్లకద్దుకుంది,
కాలు తగిలింది బాబూ, అని.

తెల్లారి తాటిపట్టె కడిగి బోదె మీద వేసొచ్చాం.
నిచ్చెన నొక్కిన రెండు గుంటలున్నాయి దాని మీద.
పాలవాడు వాటి మీంచే సైకిలు నడిపించుకుపోయాడు.

వచ్చే నెల నా రిటైర్మెంటు.
రేపు డ్రిల్లులో, మోకాళ్లు ఒప్పుకుంటే,
ఒక్కసారి పైదాకా ఎక్కి చూద్దామని ఉంది.
కింద నువ్వుండు.
నా బూట్లు చూస్తూ నుంచోకు,
పట్టుకో.
ఆయ్, అంటావేంటి? నోటితో కాదు.