పదకొండు సెకన్లు

రాత్రి పదిన్నర. మాదాపూర్‌లో నాలుగో అంతస్తు.
చెవులకి హెడ్‌ఫోన్లు, కుడికాలి కింద పెడల్.
తొక్కితే అమెరికా మాట్లాడుతుంది,
కాలెత్తితే నోరు మూసుకుంటుంది.

నిమిషం ఆడియోకి పన్నెండు రూపాయలు.
ఈ రాత్రి నా వంతుకి ఒక సెనేటరు వచ్చాడు.
ఏ రాష్ట్రమో చెప్పకూడదు, సంతకం పెట్టాను.
చెప్పినా మా గల్లీలో ఎవరికి పట్టింది?
వంతెన కాంట్రాక్టు, బావమరిది కంపెనీ,
చేపల వేటకని ఎక్కించుకుపోయిన సొంత విమానం.
మనకి తెలియని కథేం కాదు,
ఆ చేప పేరొక్కటే వెతుక్కోవాల్సి వచ్చింది.

"నాకు గుర్తు లేదు" అంటాడు.
మొదట్లో అక్షరం అక్షరం కొట్టాను.
పదోసారికి షార్ట్‌కట్ పెట్టుకున్నాను,
ఒక్క మీట నొక్కితే మతిమరుపంతా ఊడిపడుతుంది.
ముప్పై ఎనిమిది సార్లు నొక్కాను.
ఇంత మరపున్న మనిషికి
సాయంత్రం ఇంటిదారి ఎవరు చూపిస్తారో అని
కాసేపు దిగులు కూడా పడ్డాను.

మా రూలు పుస్తకంలో ఉంది:
నత్తి రాయకూడదు. దగ్గు రాయకూడదు.
"ఆ... అది... అంటే..." లాంటివి ఏరేయాలి
బియ్యంలో రాళ్ళలాగ.
పదిహేను సెకన్ల లోపు మౌనం, మౌనం కాదు.
అతను తడబడతాడు, నేను ఇస్త్రీ చేస్తాను.
తెల్లారేసరికి అబద్ధం
పెళ్ళికెళ్ళే చొక్కాలా మడత నలగకుండా బయటికొస్తుంది.

రెండు గంటల పది నిమిషాల దగ్గర ఒకావిడ అడిగింది,
గొంతు సన్నం, జలుబు చేసినట్టుంది:
"వంతెన కూలినప్పుడు దాని మీద ఎంతమంది ఉన్నారో తెలుసా మీకు?"

పెడల్ మీదే ఉంది కాలు.
కాగితం కదిలింది. ఎవరో గ్లాసులో నీళ్ళు పోసుకున్నారు.
వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. పదకొండు సెకన్లు.
తర్వాత, "నాకు గుర్తు లేదు."

ఈ మౌనం నేను ముందే విన్నాను.
కిందటి శ్రావణంలో బోరబండ నాలా గోడ పడ్డప్పుడు
షకీరా ఆపా కుట్టుమిషను పోయింది, రెండు మేకలు పోయాయి,
మిషను పక్కన నిద్రపోతున్న ఇలియాస్ పోయాడు.
ఆ గోడ కట్టి నాలుగు నెలలు కాలేదు.
సర్కిల్ ఆఫీసుకి ఆమెతో నేనే వెళ్ళాను, అర్జీ రాసిపెట్టడానికి.
"బిల్లు మీద సంతకం ఎవరిది సార్?"
ఆయన ఫ్యాను వైపు చూశాడు.
పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.
"యాదికి లేదమ్మా. ఫైలు పైకి పోయింది."
నేనూ పైకి చూశాను.
వాననీళ్ళు కారుతున్న స్లాబు తప్ప ఏమీ లేదు.

నలభై రోజులకి జవాబొచ్చింది.
అందులో ఫ్యాను లేదు, పెన్ను మూత లేదు.
"సమాచారం అందుబాటులో లేదు."
నున్నగా, ఒకే వాక్యం.
నాలాంటి మనిషెవరో టైపు చేసుంటుంది, పాపం, చక్కగా.

అందుకే ఈ రాత్రి రూలు తప్పాను.
ప్రశ్నకీ జవాబుకీ నడుమ ఒక లైను చేర్చాను:
మౌనం, పదకొండు సెకన్లు.
నాలుక్కి క్వాలిటీ వాళ్ళ మెయిల్.
అనవసరమైన చేర్పు, తొలగించడమైనది.
నూట ఎనభై రూపాయలు కోత.

షేరింగ్ ఆటో దిగి నాలా పక్కన నడుస్తున్నాను.
కొత్త గోడ, సిమెంటు తడి ఇంకా ఆరలేదు.
బోర్డు మీద పాత కాంట్రాక్టరే, తేదీ ఒక్కటే కొత్తది.

ఇంట్లో కిరాణా లెక్కల పుస్తకం ఉంది.
చివరి పేజీ తిప్పి రాసుకున్నాను.
సెనేటరు: పదకొండు.
సర్కిల్ ఆఫీసు: తొమ్మిదో పదో, గోడ గడియారం ఆగిపోయి ఉంది.
పంచనామా రాసుకోవడానికొచ్చిన పోలీసు
"పిల్లాడి వయసెంత?" అన్నప్పుడు షకీరా ఆపా:

అది నేను లెక్కపెట్టలేదు.