పదిహేడో నంబరు

పర్లాకిమిడి ట్రెజరీలో నలభై మూడు కంప్యూటర్లు.
పోయినేడు ఒక్కోదాని ముందూ కూచుని
నెక్స్ట్, నెక్స్ట్, ఒప్పుకుంటున్నాను, నెక్స్ట్ అంటూ
చదవని షరతులకు నలభై మూడుసార్లు తలూపాను.
పక్కన పాఢి బాబు వక్క నములుతూ
"హెలా?" అనేవాడు.
నేను పలక్కపోతే "అయిందా?" అని తెలుగులో.

ఈసారి ఒక్క వాక్యం రాశాను.
చివర ఏటవాలు గీత, దాని పక్కన ఒక ఎస్.
ఆ అక్షరం చూస్తే చాలు,
గుమ్మంలో చెప్పులు విడిచి
పడుకున్నవాళ్ళను లేపకుండా నడిచే మనిషిలా
ప్రోగ్రాము లోపలికి వెళ్ళిపోతుంది.

రాత్రి తొమ్మిదిన్నర. వాన.
కాపలా దాలయ్య నల్లటి తెరలు చూసి
"ఏటీ అగుపడదు, పనవుతోందా బాబూ?"
అవుతోంది. లాగ్ ఫైలులో వరసగా సున్నాలు.
ఇక్కడ సున్నా అంటే నెగ్గినట్టు.
నా పదో తరగతి లెక్కల పేపరు గుర్తొచ్చింది.

పదిహేడు మాత్రం పదహారువందల మూడంది.
పాఢి బాబుది. డిస్కులో సూదిమోపే చోటు లేదు,
అన్నీ నాటకాల ఫొటోలు.
చీర కట్టి, అలిగి నేల మీద పడుకున్న కైకేయి
ఆయనే.

చెరిపెయ్యడానికీ ఒక్క వాక్యం చాలు.
రాయలేదు. ఫోన్ చేశాను.

గొడుగు దులుపుకుంటూ వచ్చి కూచున్నాడు.
"ఇది బరంపురంలో. ఉంచు. నెక్స్ట్."
"ఇందులో విగ్గు జారింది, ఉంచు. నెక్స్ట్."
దాలయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

పన్నెండు దాటింది.
పదిహేడులో ఇంకా పాత వెర్షనే.