సప్పుడు

గోదారి మీద వంతెన పని అయిపోయిన నాడు
మెస్సు పొయ్యి ఆర్పుతుంటే
ఇంజనీరు వచ్చి ఈ సీసా నా చేతిల పెట్టిండు.
రెండేండ్లు నా చేతి పప్పు తిన్నోడు.
ఆకుపచ్చ సీసా. మెడకు బంగారు కాయితం.
పసిపోరని ఎత్తుకున్నంత బరువు.

"షాంపేను ఇది, లచ్చుబాయీ.
నిలబెట్టకు, పండబెట్టు.
బిరడా తడిగుండాలె, ఎండితే లోపలి ఊపిరి పోతది.
ఎండ తగలనీకు. కదిలియ్యకు.
మంచి దినం చూసి తెరువుండ్రి,
తుపాకి పేలినట్టు పేలుతది."
నవ్విండు. జీపెక్కిండు. పోయిండు.

మాది సిరొంచ.
దారుబందీ జిల్లా. సీసా దొరికితే కేసు.
తుపాకి లెక్క సప్పుడైతే
క్యాంపు నుంచి ఒస్తరో, అడివి నుంచి ఒస్తరో,
ముందుగాల ఎవలొస్తరో చెప్పరాదు.
పైంగ గోడకవతల పోలీస్ పాటిల్ ఇల్లు.
గావడే పాటిల్ దగ్గితే
మా ఇంట్ల పిల్లి లేస్తది.

వడ్ల గుమ్మిల గుంత చేసి
నా పాత చీర చుట్టి
బాలెంతను పండబెట్టినట్టు పండబెట్టిండు బానయ్య.
ఎండకాలం తడి గోనెసంచి కప్పేటిది నేను.
మే నెలల మేము వాకిట్ల మాడినం,
అది మాత్రం చల్లగ పన్నది.
వడ్లు తగ్గినకొద్దీ కిందికి దిగేది,
కొత్త వడ్లొచ్చినంక మీదికెక్కేది.
కదిలియ్యకన్నడు గని ఇంజనీరు,
కడుపు ఊకుంటదా?

మంచి దినాలు రాకపోలే.
సునంద పదోది పాసయ్యింది.
"సప్పుడైతే?" అన్నడు బానయ్య.
బ్యాంకు బాకీ తీరింది.
"పాటిల్ ఇంట్లనే ఉన్నడు."
మనుమడు పుట్టిన నాడు
సీసా బయటికి తీసినం, దుమ్ము తుడిసినం,
ఒకల మొఖం ఒకలు చూసుకొని
మళ్ల పండబెట్టినం.

పదకొండేండ్లకు బానయ్యకు తెలివి తట్టింది.
దివాళీ!
ఊరంత పటాకులు పేలుతుంటే
అందుల మనదొకటి, ఎవడు లెక్కవెడ్తడు?

ఆ రాత్రి తలుపులేసి, కిటికీకి దుప్పటి కట్టి,
బానయ్య సీసాను తొడల నడుమ ఇరికించుకున్నడు.
తుప్పు పట్టిన తీగ, పటుకారుతోని విప్పిండు.
నేను చెవులు మూసుకున్న.
గల్లీల పెద్ద లడీ అంటుకున్నది.
"తియ్యి, ఇగ తియ్యి!"
బిరడా తిరిగింది. వచ్చింది.

లడీ ఆగినంక చేతులు తీసి అడిగిన:
"అయ్యిందా?"
"అయ్యింది."
"ఏది?"
బానయ్య సీసా మూతికి చెవి పెట్టిండు,
రాయి కింద కప్పను వెతికినట్టు.

ఇన్నేండ్లు మేం భయపడ్డ సప్పుడు
ఎన్నడో, మేం నిద్రల ఉండంగ,
ఇంతింత వడ్లల్లకు పోయింది.
ఆ వడ్లే దంచుకొని తిన్నం.

స్టీలు గిలాసల పోసుకున్నం.
తేనె రంగు. ఒక్క బుగ్గ లేదు.
ఎండిన రేగుపండ్లు, పాత బెల్లం, ఆఖరుకు ఇంత ఇనుము రుచి.
బానయ్య మూతి ముడిసి
"మన ఇప్పపువ్వే నయం" అన్నడు
గట్టిగ. అని, గోడ దిక్కు చూసి
నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నడు.
నాకు నవ్వు ఆగలే. నవ్వి నవ్వి పొలమారింది.

పారబోయ బుద్ధిగాలె.
పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతుంటె
సగం అందుల వంపిన.
మిగిలింది మూతికి గుడ్డ కట్టి పొయ్యెనుక పెడితె
రెండు నెలలకు పులిసి, ముక్కు అదిరేటట్టయ్యింది.
ఇప్పుడు ఉల్లిగడ్డలు దాంట్లనే నానేస్తున్న.

దివాళీ తెల్లారి గోడ మీదికెల్లి కమలాబాయి,
పాటిల్ పెండ్లాం:
"కూరల ఏమేసినవే? రాత్రంత వాసన."
"నిమ్మకాయ" అన్న.
గిన్నె చాపింది.
"ఆయనే అడుగుమన్నడు, ఇంత మిగిలిందా అని."

సీసాతోని చపాతీలు ఒత్తుత.
అడుగున గుంతల నా బొటనవేలు సరిగ్గ పడ్తది.
పనయినంక కడిగి
నిలబెట్టబోయి, పండబెడ్త.
చెయ్యి ఇనదు.

ఎప్పుడన్న మనుమడు దొరకబట్టి
మూతిల ఊదుతడు.
హూ... అని, అవతలి ఒడ్డు పడవోన్ని పిలిచినట్టు.
గోడకవతల
దగ్గు ఆగిపోతది.