దెబ్బల పట్టిక

అజ్మాన్ ఇండస్ట్రియల్ ఏరియాలో
టైర్ల దుకాణానికీ ఐస్ ఫ్యాక్టరీకీ నడుమ మా లాండ్రీ.
ఏడు హోటళ్ళ దుప్పట్లు
ఎవరెవరి నిద్రలో మోసుకుని
రాత్రి పదింటికి వ్యాన్లలోంచి దిగుతాయి.

నా దస్తూరి బాగుంటుందని
కురియాకోస్ సార్ నాకో రిజిస్టర్ ఇచ్చాడు.
"కొత్త హోటల్ వాళ్ళు అడుగుతున్నారు.
మన పని వల్ల గాలికీ నీటికీ నేలకీ ఏమవుతోందో
గురువారంలోగా రాసివ్వు, లింబాద్రీ."
అయిదు గడులు గీసి ఉన్నాయి:
చేసే పని. తగిలే దెబ్బ. ఎంత లోతు.
ఎన్నిసార్లు. ఎవరి బాధ్యత.

మొదటి రోజు ఆఫీసులో కూర్చుని రాశాను.
ఏసీ కింద అన్నీ చిన్న దెబ్బలే.
కరెంటుకి రెండు. నీళ్ళకి రెండు. సబ్బుకి ఒకటి.
ముత్యాల్లాంటి అక్షరాలు.
షొఫికుల్ తొంగిచూసి నవ్వాడు:
"భాయ్, ఇది ఏ లాండ్రీ?"

రెండో రోజు వాడి వెనక నడిచాను.
కాలువ మూత ఎత్తాడు.
ఆవిరి. నీలం నురగ. మోచేతి దాకా మునిగే పీచు.
పైపుకి వెంట్రుకంత చీలిక,
దాని కింద ఇసుక తడిసి ఆరి, తడిసి ఆరి
తెల్లగా పొక్కులు లేచి ఉంది.
ఎన్నాళ్ళ నుంచి అంటే
వాడు రంజాన్ నెలల్లో లెక్క చెప్పాడు:
రెండు పోయాయి, మూడోది వస్తోంది.

నీళ్ళ మీటర్ ముందు చాలాసేపు నిలబడ్డాను.
మా ఆర్మూరు వైపు బోరు ఎండితే
ఇంకో వంద ఫీట్లు దించుతాం,
నీళ్ళు నేల కింద ఉన్నాయన్న నమ్మకం మాత్రం చావదు.
ఇక్కడ నీళ్ళు పుట్టవు, వండుతారు.
సముద్రాన్ని పొయ్యి మీద పెట్టి
మంచిది మాకు వడ్డించి
చిక్కటి ఉప్పుని మళ్ళీ సముద్రానికే తాగిస్తారు.
పైసలు నీళ్ళలా ఖర్చు పెట్టకురా అనేది మా పెద్దవ్వ.
ఈ ఊళ్ళో ఆ మాట తిరగేసి చెప్పుకోవాలి.
నాలుగోసారి జాడించే ప్రతి దుప్పటి కిందా
ఎక్కడో ఒక మంట మండుతూ ఉంటుంది.
ఇదంతా గడిలో పట్టలేదు.
అంచున, అడ్డంగా రాశాను.

గురువారం సార్ కళ్ళద్దాలు పైకెత్తాడు.
"నీళ్ళకి అయిదా? కాలువకి నాలుగా?
మూడు చెయ్యి. మూడైతే ఎవరూ ఏమీ అడగరు."
మంచివాడే.
నా బిడ్డకి కామెర్లొస్తే
అడక్కుండానే రెండు నెలల జీతం ముందిచ్చాడు.
పెన్సిల్ రాత, చేతిలో రబ్బరు.
ఏమీ చెరపలేదని చెప్పుకోవాలనుంది.
ఒకటి చెరిపాను. ఏదో చెప్పను.
నీళ్ళ అయిదు మాత్రం అయిదుగానే ఉంది,
కాలువ నాలుగు నాలుగుగానే.

ఆడిట్‌కి వచ్చిన మౌజా మేడం
చివరి గడి మీద వేలు పెట్టింది.
పై నుంచి కింద దాకా ఒకటే మాట: యాజమాన్యం.
"దీనికి చేతులుంటాయా?" అంది.
అప్పుడు పేర్లు రాశాం.
పీచు పట్టే జల్లెడ, ప్రతి షిఫ్టూ: షొఫికుల్.
పొద్దున ఆరింటికి మీటర్: లింబాద్రి.
పైపు పట్టీ, నలభై దిర్హాములు, ఇవాళే:
సార్ తన పేరు తనే రాసుకున్నాడు, కోపంగా.

ఇప్పుడు ఆఖరి జాడింపు నీళ్ళు
ట్యాంకులో ఆగి, రేపటి మొదటి ఉతుకు అవుతున్నాయి.
మీటర్ మునుపటంత పరుగెత్తడం లేదు.
చిత్రం, బిల్లు చూసి సార్ ఈల వేశాడు,
నాకు తెలిసి మొదటిసారి.

గోడ అవతల ఇసుక మీద తెల్ల మచ్చ అలాగే ఉంది.
నెలనెలా జానతో కొలిచి రాస్తున్నాను.
పెరగలేదు. తగ్గలేదు.

రిజిస్టర్‌ని వెలుతురుకి ఎత్తి పడితే
చెరిపిన చోట అంకె గాడి ఇంకా కనబడుతుంది.
బ్లీచ్ గదిలోంచి షొఫికుల్ దగ్గు.
ఆగాడు అనుకుంటే మళ్ళీ.
పెన్సిల్ చెక్కుకుంటున్నాను.